రెండు రోజుల సెలవు

సీబ్, ఒమాన్
2008 జూలై

రజియా ఆపాకు,

నీ చెల్లెలు జైనబీ సలాం. నువ్వూ, నిసార్ అహ్మద్ బావా, పిల్లలూ చల్లగా ఉండాలని ఐదు పూటలా అల్లాను అడుగుతున్నాను. ఈ ఉత్తరం ఎందుకు, ఫోన్లో చెప్పగూడదా అనుకుంటావేమో. ఫోన్లో నువ్వు "ఎట్లుండావు మే" అంటావు, నేను "బాగుండా" అంటాను, అంతలో పిల్లలు ఫోను లాక్కుంటారు. నేను చెప్పవలసింది ఆ "బాగుండా" వెనకాల ఉంది. అందుకే కాగితం తీసుకున్నాను.

మా బీబీ గురించి నీకు అప్పుడప్పుడు చెప్పే ఉంటాను. మా మదామ్ సల్మాకు తల్లి. బీబీ అంటే వాళ్ళ మాటల్లో అవ్వ. పుట్టింది ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ దీవిలో. అక్కడ గొడవలు లేచినప్పుడు చంటిబిడ్డను చంకన పెట్టుకొని, ఓడెక్కి, ఎరగని ఒమాన్‌కు వచ్చింది. ఇప్పుడు తుంటి విరిగి చక్రాల కుర్చీలో ఉంది. ఆమెకు స్నానం, తిండి, మందులు, నమాజుకు ముందు చేతులూ కాళ్ళూ కడగడం అన్నీ నేనే చేయాలి. వేరే మనిషి చెయ్యి తగిలితే ఒళ్ళు బిగబట్టుకుంటుంది.

ఆ చంకలో వచ్చిన బిడ్డే హిలాల్ బాబా. డెన్మార్క్ దేశంలో కోపెన్‌హేగన్ అనే ఊళ్ళో ఇంజనీరు. కిర్‌స్టెన్ అని ఆ దేశపు అమ్మాయిని చేసుకొని అక్కడే స్థిరపడ్డాడు. తల్లిని తన దగ్గర కొన్నాళ్ళు ఉంచుకోవాలని ఆశపడి జూన్‌లో పిలిపించాడు. నేను లేకుండా బీబీ కదలదు కాబట్టి నాకూ వీసా తీశారు. రాయచోటి దాటితే కడప, కడప దాటితే సీబ్ తప్ప ఎరగని నేను అట్లా ఆ ఊరు చూశాను ఆపా.

మొదటి వారం నాకు సీబ్‌కూ ఆ ఊరికీ తేడా తెలియలేదు. వంటిల్లు వంటిల్లే, స్నానాల గది స్నానాల గదే. రెండో వారం శుక్రవారం పొద్దున హిలాల్ బాబా వచ్చి, "జైనబీ, రేపూ ఎల్లుండీ అమ్మను మేము చూసుకుంటాం. నువ్వు బయటికి వెళ్ళు, ఊరు చూడు" అన్నాడు. ఏం తప్పు చేశానో, పనిలోంచి తీసేస్తున్నారేమో అనుకున్నాను. "నేనేం చేశాను బాబా?" అంటే ఆయన నవ్వాడు. "ఏమీ చేయలేదు. ఇది సెలవు. ఇక్కడ అందరికీ ఉంటుంది." ఆ మాట విని వంటింట్లోకి పోయి ఊరికే నిలబడ్డాను. ఒమాన్‌కు వచ్చిన ఇన్నేళ్ళలో, ఊరికి వచ్చిపోవడం తప్ప, నాకు ఒక పూట కూడా సెలవు లేదు. సెలవంటే ఏం చేయాలో నాకు తెలియదు.

ఆ భవనంలోనే పై అంతస్తులో ఇక్బాలున్నీసా అని ఒక పెద్దామె ఉంది. కరాచీ నుంచి పెళ్ళికూతురిగా వచ్చి నలభై ఏళ్ళుగా అక్కడే ఉందట. నన్ను తోడు తీసుకుపొమ్మని హిలాల్ బాబా ఆమెకు చెప్పాడు. శనివారం పొద్దున మెట్ల మీద ఆమె ఎదురైతే, ఆమె చేతిలోని సంచి అందుకోబోయాను. వద్దన్నట్టు సంచి వెనక్కి తీసుకొని, "నక్కో బేటీ, నక్కో" అంది. ఆపా, నక్కో! ఆ దేశంలో, ఆ మెట్ల మీద, మన ఇంటి మాట! ఆమె అవ్వా తాతలు హైదరాబాదు వాళ్ళట. అక్కడే ఆమె చెయ్యి పట్టుకున్నాను.

కింది వాటాలో ఉండే లిస్ అనే ఆమె కూడా మాతో వచ్చింది. ఆమె ఆ దేశం మనిషి. తెల్ల జుట్టు, మగవాళ్ళ చెప్పులు, పెద్ద గొంతు. ఆమెకూ, ఇక్బాలున్నీసాకూ భర్తలు పోయారు. ఇద్దరూ శనివారాలు కలిసి తిరుగుతారట. లిస్ మాటలు నాకు అర్థం కావు, నావి ఆమెకు కావు. మధ్యలో ఇక్బాలున్నీసా ఖాలా ఇటువి అటు చెబుతూ నడిచింది.

ఏమేం చూశానో అన్నీ రాస్తే కాగితాలు చాలవు. ఒక గుండ్రటి పాత గోపురం ఎక్కాం. దానికి మెట్లే లేవు. లోపల దారి చుట్టలు తిరుగుతూ పైదాకా పోతుంది. పూర్వం రాజు గుర్రాల మీదే పైకి పోయేవాడట. పైన నిలబడితే ఎర్ర పెంకుల ఇళ్ళు, వాటి అవతల సముద్రం. కాలువల్లో పడవ ఎక్కాం. వంతెన వచ్చినప్పుడల్లా తలలు వంచాలి. ఆ తర్వాత వాళ్ళ ఊరి శ్మశానానికి తీసుకుపోయారు. అక్కడ సమాధుల మధ్య గడ్డిలో జనం దుప్పట్లు పరుచుకొని పండ్లు తింటున్నారు, పుస్తకాలు చదువుకుంటున్నారు. నేను ఫాతిహా చదివి గేటు దగ్గరే నిలబడిపోయాను. లిస్ ఒక రాయి పక్కన కూర్చొని, కాఫీ పోసుకొని, నన్ను రమ్మని చెయ్యి ఊపింది. అది ఆమె భర్తదట.

నవ్వొచ్చే సంగతి ఒకటి చెబుతాను. ఒక కాఫీ హోటలు ముందు, వీధిలో, తోపుడు బండిలో చంటిబిడ్డ ఒంటరిగా నిద్రపోతూ ఉంది. చుట్టూ ఎవరూ లేరు. ఎవరైనా ఎత్తుకుపోతే? వాళ్ళిద్దరూ ముందుకు పోయారు, నేను బండి కమ్మి పట్టుకొని కాపలా నిలబడ్డాను. కాసేపటికి లోపలి నుంచి తల్లి వచ్చి, బుర్ఖాలో ఉన్న నన్నూ, నా చేతినీ చూసి బిత్తరపోయింది. లిస్ పరిగెత్తుకొచ్చి ఏదో చెప్పింది. ఆ అమ్మాయి పగలబడి నవ్వి నన్ను కావలించుకుంది. ఆ ఊళ్ళో బిడ్డల్ని అట్లాగే బయట పడుకోబెడతారట. ఎవరూ ఎత్తుకుపోరట. నేనూ నవ్వాను గానీ, నన్ను ఒక మనిషి కావలించుకొని ఎన్నాళ్ళైందో అని ఆ క్షణంలో అనిపించింది.

ఆదివారం లిస్ ఒక మూడు చక్రాల సైకిల్ తెచ్చింది. ముందు పెద్ద చెక్కపెట్టె ఉంది. పిల్లల్నీ, సామాన్లనూ అందులో వేసుకొని తొక్కుతారు. నన్ను అందులో కూర్చోమంది. నేను వద్దంటే వద్దన్నాను. "కూర్చో బేటీ, ఆమె వదలదు" అంది ఖాలా. కూర్చున్నాను. అరవై దాటిన ఆడమనిషి వెనకాల తొక్కుతూ ఉంటే, సముద్రం గాలికి నా బుర్ఖా ఎగురుతూ ఉంటే, ఓడరేవు పొడుగునా పోయాం. నీళ్ళలో దూకి ఈత కొట్టేవాళ్ళు మాకు చేతులూపారు. మొదట నవ్వాను. తర్వాత ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళుగా నేను వెనక ఉండి నెట్టడమే గానీ, నన్ను కూర్చోబెట్టి తీసుకుపోయినవాళ్ళు లేరు ఆపా. లిస్ సైకిల్ ఆపి నీళ్ళ సీసా ఇచ్చింది.

వెనకాలే నడుచుకుంటూ వచ్చి చేరిన ఖాలా అప్పుడే అడిగింది. "ఇంటి దగ్గర ఎవరున్నారు?" నన్ను కట్టుకున్న ఖాదర్‌వలి ఇంకొకామెను తెచ్చుకొని నన్ను వదిలేశాడని చెప్పాను. పిల్లలు లేరని చెప్పాను. అక్క ఉందని చెప్పాను. "అయితే అక్క దగ్గరికి పోతూ ఉంటావా?" అంది. నేను నీళ్ళ సీసా లిస్‌కు తిరిగిచ్చి, ఇంక పోదాం అన్నాను.

ఎందుకో నీకు చెప్పాలి. పోయినసారి వచ్చినప్పుడు, నెల ఉంటానని చెప్పి పది రోజులకే బయలుదేరాను. నువ్వు కారణం అడగలేదు. ఆ రోజు కొళాయి దగ్గర నువ్వు పక్కింటి మస్తాన్‌బీతో అంటూ ఉంటే విన్నాను. "ఈమె ఎన్నాళ్ళుంటాదో ఏమో. ఇంకెన్నాళ్ళు ఇట్ల సర్దుకోవాల్నో" అన్నావు. నేను తడి బట్టలు పట్టుకొని తలుపు వెనకాల ఉన్నాను. నీ మీద కోపం లేదు. కానీ ఆ మాట ఆ రోజు నుంచి నాతోనే ఉంది. సీబ్‌లో పని చేసుకుంటున్నప్పుడు నాకు ఇల్లు ఉందనుకునేదాన్ని. ఆ తర్వాత అట్లా అనుకోవడం మానేశాను.

ఆదివారం సాయంత్రం మేము తిరిగి వచ్చేసరికి బీబీ కోటు తొడుక్కొని, తలకు గుడ్డ చుట్టుకొని, ఒళ్ళో సంచి పెట్టుకొని తలుపుకు ఎదురుగా కూర్చొని ఉంది. నన్ను చూడగానే "ట్వెందె న్యుంబాని" అంది. ఇంటికి పోదాం అని. హిలాల్ బాబా మోకాళ్ళ మీద కూర్చొని, "అమ్మా, ఇది కూడా నీ ఇల్లే" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. ఆ కోటు విప్పేటప్పుడు చూస్తే జేబులో రుమాలు మూట ఉంది. వాళ్ళు పెట్టిన రొట్టె, చేప ముక్కలు. వాళ్ళ ముందు తిన్నట్టు చేసి దాచింది. నేను ఎవరికీ చెప్పకుండా పారేశాను.

ఆ మర్నాడు హిలాల్ బాబా నన్ను కూర్చోబెట్టి మాట్లాడాడు. తల్లిని ఇక తన దగ్గరే ఉంచుకుంటాడట. రంజాన్ పండగ తర్వాత వచ్చి తీసుకుపోతాడట. నాకు అక్కడే ఉద్యోగం, నాకొక గది, ప్రతి శని ఆదివారాలు సెలవు. "అమ్మ నీ మాటే వింటుంది జైనబీ. నువ్వు వస్తేనే వస్తుంది. నువ్వే ఒప్పించాలి" అన్నాడు. సరే అన్నాను.

ఇప్పుడు సీబ్‌కు తిరిగి వచ్చాం. రోజూ బీబీకి ఆ ఊరి గురించి మంచిగా చెబుతున్నాను. ఆ గాలి, ఆ చెట్లు, కొడుకు కళ్ళెదుట ఉండటం. ఆమె వింటుంది, ఏమీ అనదు. నేను పోతాను ఆపా. ఇంక అక్కడే ఉండిపోతాను. ఈ ఏడు నేను రానందుకు నువ్వు బాధపడవద్దు. ఎవరూ సర్దుకోవలసిన పని లేదు.

నీ చెల్లెలు
జైనబీ

*

రాయచోటి
2008 ఆగస్టు

చెల్లి జైనబీకి,

అక్క రజియా దీవెనలు. నీ ఉత్తరం ఎవరితోనూ చదివించుకోలేదు, నేనే కూర్చొని మూడుసార్లు చదువుకున్నాను. బావకు చూపలేదు.

ఆ మాట నేను అన్నాను. అనలేదని చెప్పను. నువ్వు విన్నది నిజమే. వినని సంగతి కూడా చెబుతాను. మా ఇల్లు నీకు తెలుసు కదా, ఒకటే గది. నీకు ఆ గది ఇచ్చి, నువ్వు పడుకున్నాక మేమందరం మస్తాన్‌బీ వరండాలో పడుకునేవాళ్ళం. నీకు తెలిస్తే నేల మీద పడుకుంటానని పట్టుబడతావని తెల్లారకముందే లేచి వచ్చేవాళ్ళం. ఆ వారం వానలు. చల్లగాలికి బావకు ఆయాసం ఎక్కువైంది. మస్తాన్‌బీ ముఖం మాడ్చుకొని, "ఇంకెన్ని దినాలు మే" అని అడిగింది. నేను అప్పుడు అన్న మాట అది. కష్టమైంది కాబట్టే అన్నాను. నువ్వు పోవాలని అనలేదు. నువ్వు పెట్టె కట్టుకుంటా ఉంటే, మా ఇంట్లో ఇమడలేకపోయింది, పెద్ద ఇళ్ళకు అలవాటు పడింది అనుకొని నేనూ నోరు మూసుకున్నాను. నువ్వు అడిగి ఉంటే చెప్పేదాన్ని. నేను అడిగి ఉంటే నువ్వు చెప్పేదానివి. ఇద్దరమూ అడగలేదు.

నువ్వు ఆ దూరదేశం పోవాలనుకుంటే పో. అడ్డం చెప్పను. ఆ సైకిల్ సంగతి చదివి నేను కూడా ఏడ్చాను. మేయ్, కానీ ఒక్క మాట అడుగుతా. ఆ ముసలామె కోటు తొడుక్కొని కూర్చుందని నువ్వే రాశావు. తిండి దాచిపెట్టిందని నువ్వే రాశావు. అంతా చూసి రోజూ ఆమెకు ఏమి చెబుతాండావు? ఒకసారి ఇల్లు ఇడిసి వచ్చిన మనిషిని మళ్ళీ యాడికి తీసుకపోతాండావు?

కోపం తెచ్చుకోవద్దు. పెద్దదాన్ని కాబట్టి అడిగాను.

నీ అక్క
రజియా

*

సీబ్
2008 నవంబరు

ఆపా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నీ మీద చాలా కోపం వచ్చింది. వరండా సంగతి చదివి ఏడ్చినదాన్ని, చివరి మాటలు చదివి కాగితం మడిచి పక్కన పడేశాను. ఇన్నేళ్ళకు నాకొక మంచి జరగబోతే దానికీ అడ్డమా అనుకున్నాను. జవాబు రాయలేదు. బీబీకి ఆ ఊరి గురించి చెప్పడం మాత్రం ఆగిపోయింది. నోరు తెరిస్తే నీ మాటే అడ్డం వచ్చేది.

రంజాన్ పండగ అయిన వారానికి హిలాల్ బాబా వచ్చాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ ముందు గదిలో కూర్చున్నారు. నేను ఖర్జూరాల పళ్ళెం, కాఫీ పట్టుకొని పోయాను. ఆయన తల్లి పక్కన కూర్చొని, "అమ్మా, ఏం అనుకున్నావు?" అని అడిగాడు. బీబీ నా వైపు చూసి, "వస్తాను. జైనబీకి ఆ ఊరు నచ్చింది. అక్కడ ఈ పిల్ల నవ్వింది. ఇక్కడ నవ్వదు" అంది.

హిలాల్ బాబా ముఖం వెలిగిపోయింది. మదామ్ సల్మా "అల్‌హందులిల్లా" అంది. నేను పళ్ళెం కింద పెట్టాను. నేను ఆమెను ఒప్పించలేదు ఆపా. నాకోసం ఆమె ఒప్పుకుంది. కట్టుకున్నవాడు గానీ, కన్నవాళ్ళు గానీ నాకోసం ఇంత ఆలోచించింది లేదు. అట్లాంటి మనిషిని కోటు తొడిగి మళ్ళీ విమానం ఎక్కించడానికి నాకు చేతులు రాలేదు.

"వద్దు బాబా" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. పెద్దలు మాట్లాడుకుంటుంటే పనిమనిషి నోరు తెరవడం ఆ ఇంట్లో లేదు.

"ఏం వద్దు?" అన్నాడు ఆయన.

"బీబీని తీసుకుపోవద్దు. ఆమెకు ఇష్టం లేదు."

"ఇప్పుడే వస్తానంది కదా! నువ్వే వస్తానన్నావు కదా!"

"నేను అన్నాను. ఆమె నాకోసం అంటోంది. ఆమె ఇల్లు ఇది."

ఆయన కాఫీ కప్పు కింద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. మదామ్ వంటింట్లోకి వచ్చి, "ఇది మా కుటుంబం విషయం, నిన్నెవరు అడిగారు?" అని గట్టిగా కేకలేసింది. ఆమె తప్పు కాదు. తల్లి అన్న దగ్గర ఉంటే తనకూ కొంచెం ఊపిరి ఆడుతుందనుకుంది. ఇంక ఈ ఇంట్లో నా పని అయిపోయిందనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున నేను బీబీకి గంజి కాస్తూ ఉంటే హిలాల్ బాబా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రాత్రి నిద్రపోయినట్టు లేదు. "ఆ రెండు రోజులూ అమ్మ బాగానే తిన్నదే" అన్నాడు. రుమాలు సంగతి చెప్పాను. ఆయన నా చేతిలోని గరిటె తీసుకొని గంజి కలిపాడు. తర్వాత, "ఆమె చంకలో ఓడెక్కినవాణ్ణి నేను. నేనే ఆమెను ఓడెక్కించబోయాను" అని, పంపు దగ్గర ముఖం కడుక్కొని లోపలికి పోయాడు. వెళ్ళేరోజు వరకు తల్లి గదిలోనే కింద పరుపు వేసుకొని పడుకున్నాడు. వెళ్ళేముందు నన్ను పిలిచి, "నీకేం కావాలి?" అన్నాడు. అడగాలా వద్దా అనుకుంటూనే, "శుక్రవారం సెలవు" అన్నాను. ఆయన చెల్లెలితో మాట్లాడి ఇప్పించాడు.

నేను కోపెన్‌హేగన్ పోవడం లేదు. ఇక్బాలున్నీసా ఖాలా ఫోను చేసింది. నేను రానని చెబితే, "నీ ఇష్టం బేటీ" అంది గానీ, గొంతు మారిపోయింది. ఆమె కొడుకులు వేరే ఊళ్ళలో ఉన్నారు. నేను వస్తే బాగుండునని ఆమె కూడా అనుకున్నట్టుంది. ఆ ఊరు మంచిదే ఆపా. అక్కడా మనుషులు తలుపు చప్పుడు కోసం చూస్తూనే ఉంటారు.

ఫిబ్రవరిలో రాయచోటి వస్తాను, నెల రోజులు ఉంటాను. మస్తాన్‌బీ వరండాలో నేనూ మీతోపాటే పడుకుంటాను. ఒప్పుకోకపోతే రాను.

ఇంక శుక్రవారాల సంగతి చెప్పి ముగిస్తాను. మొదటి శుక్రవారం చిన్న బస్సెక్కి మత్రా పోయాను. ఓడరేవు పక్కన గోడ పొడుగునా జనం కూర్చుంటారు. నేనూ ఒక మూల కూర్చున్నాను. అందరూ గుంపులుగా ఉన్నారు. ఎవరితో మాట్లాడాలో, ఎటు నడవాలో తెలియక గంటసేపు కూర్చొని ఇంటికొచ్చేశాను. నన్ను చూసి బీబీ, "అప్పుడే వచ్చావా?" అని నవ్వింది. రెండోసారీ అంతే. సెలవు దొరికిన తర్వాతే నాకు ఇక్కడ తెలిసినవాళ్ళు ఎవరూ లేరని అర్థమైంది. పని ఉన్నప్పుడు ఆ సంగతి కనబడలేదు.

మూడోసారి పోయినప్పుడు ఒకామె గోడకు ఆనుకొని నీళ్ళ వైపు చూస్తూ నిలబడి ఉంది. కొత్తగా వచ్చినట్టు చూడగానే తెలిసిపోయింది. చెప్పులు ఇంకా మన ఊరివే. నా వైపు తిరిగి హిందీలో ఏదో అడగబోయి, మాట దొరక్క తెలుగులో గొణుక్కుంది. "తెలుగేనా?" అన్నాను. ఆమె ముఖం చూడాల్సింది ఆపా.

"అవునండి! కాశమ్మండి నా పేరు. మాది రాజోలు అవతలండి. మన దేశం ఇటేపేనా అండి?" అని సముద్రం వైపు చెయ్యి చూపించింది.

నాకూ తెలియదు. అయినా అటే అన్నాను. ఇద్దరం కలిసి బజారు సందుల్లో తిరిగాం. సాంబ్రాణి అంగళ్ళు చూపించాను. నేను కూడా వాటిని అప్పుడే మొదటిసారి చూస్తున్నానని ఆమెకు చెప్పలేదు. "వచ్చే వారం కూడా వస్తారా అండి?" అని రెండుసార్లు అడిగింది.

పోయిన శుక్రవారం ఆమె రాలేదు. మధ్యాహ్నం దాటి, అస్ర్ నమాజు బాంగు వినబడేదాకా గోడ మీద కూర్చున్నాను. వాళ్ళ మదామ్ వదిలిందో లేదో, దారి తప్పిందో తెలియదు. ఆమె ఉండే ఇల్లు ఎక్కడో కూడా నేను అడగలేదు.

రేపు మళ్ళీ శుక్రవారం. పొద్దునే చపాతీలు చేసి, ఇద్దరికి సరిపడా కట్టుకొని పోతాను.

నీ
జైనబీ